ఒకే పేరు, రెండు షెల్‌లు: డాష్ వెనుక కథ

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో కాటా లెక్కలను రాత్రిపూట మరో డిస్కులోకి కాపీ చేసే స్క్రిప్టు, అంటే వరుసగా నడిచే కమాండ్ల ఫైలు, నేను రాసి పెట్టాను. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో చక్కగా నడిచిన ఆ స్క్రిప్టు, నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్‌కు అప్పగించాక వారం రోజులు ఒక్క ఫైలునూ కాపీ చేయలేదు. లాగ్ తెరిస్తే రోజుకొక 'నాట్ ఫౌండ్' వరుస. షరతుకు నేను జంట చదరపు బ్రాకెట్లు వాడాను. బాష్, డాష్ రెండూ షెల్‌లే, అంటే మనం రాసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాములు. టెర్మినల్‌లోని బాష్‌కు ఆ బ్రాకెట్లు వ్యాకరణం, లినక్సులో ఒక రకమైన ఉబుంటులో క్రాన్ పిలిచే డాష్‌కు మాత్రం ఎక్కడా దొరకని కమాండు. దొరకలేదు కాబట్టి షరతు నెగ్గలేదని లెక్కగట్టి, డాష్ ఆగకుండా కాపీ భాగాన్ని దాటేసింది.

ఈ చిక్కు మూలాలు పాతవి. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తో 'ఎస్‌హెచ్' పేరున వచ్చింది. 1989లో దానికి రెండు వారసత్వాలు ఏర్పడ్డాయి: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ రాసిన బాష్, కెన్నెత్ ఆమ్‌క్విస్ట్ రాసిన చిన్నపాటి యాష్. హెర్బర్ట్ షు 1997లో యాష్‌ను యూనిక్స్ కుటుంబానికి చెందిన నెట్‌బీఎస్‌డీ నుంచి లినక్సుకు తెచ్చారు. 2002లో దాని పేరు డాష్‌గా మారింది. లినక్సులో చాలాకాలం ఎస్‌హెచ్ అని పిలిస్తే నడిచేది బాషే కావడంతో, బాష్‌కే పరిమితమైన పోకడలు ఎస్‌హెచ్ స్క్రిప్టుల్లోకి ఎవరికీ తెలియకుండానే చేరిపోయాయి.

కంప్యూటరు లేచేటప్పుడు షెల్‌ను మళ్లీ మళ్లీ పిలవవలసి వచ్చేది కనుక, త్వరగా మొదలై తక్కువ మెమరీతో సరిపెట్టుకొనే డాష్‌ను ఉబుంటు 2006లో 6.10 నుంచి ఎస్‌హెచ్ స్థానంలో కూర్చోబెట్టింది. మరో లినక్స్ రకమైన డెబియన్ 2011లో అదే బాట పట్టింది. తాను మరీ పెద్దదని, నెమ్మదని బాష్ మాన్యువలే ఒప్పుకుంటుంది లెండి. 2014లో బాష్‌లో బయటివారు తమ కమాండ్లు నడిపించగల షెల్‌షాక్ లోపం బయటపడినప్పుడు, ఎస్‌హెచ్‌గా డాష్ ఉన్న యంత్రాలకు కొంత రక్షణ దొరికింది. 2015లో ఉబుంటు, బూట్ పనులకు షెల్‌పై అంతగా ఆధారపడని సిస్టమ్‌డీకి మారాక బూట్ వేగమన్న వాదనకు మునుపటి బలం లేదు.

డాష్‌లో అర్రేలు (ఒకే పేరు కింద దాచే విలువల వరుసలు) లేవు, ట్యాబ్ నొక్కితే పేరు పూర్తికాదు. రోజంతా టైపు చేసేవారికి అది పనికిరాదనే నా అభిప్రాయం. స్క్రిప్టులు నడపడానికి మాత్రం ఆ లేమి పెద్ద లోటు కాదు. నా స్క్రిప్టు మొదటి వరుసలో ఏ షెల్ కావాలో రాయకపోవడమే అసలు పొరపాటు. అక్కడ బాష్ పేరు చేర్చిన రాత్రే కాటా ఫైళ్లు రెండో డిస్కులోకి చేరాయి.