మెదడుకి ఒళ్లు లేకపోతే: క్రాంగ్ గురించి అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా టూడీ యానిమేషన్‌లో పని చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు విలన్ డిజైన్ గురించి చెప్పాల్సి వస్తే, ముందుగా నింజా టర్టిల్స్ (నింజా యుద్ధవిద్య తెలిసిన తాబేళ్ల కథ)లోని విలన్ క్రాంగ్ బొమ్మ తీసి బల్ల మీద పెడతాను. డైమెన్షన్ ఎక్స్ అనే వేరే లోకం నుంచి వచ్చి పడ్డ గులాబీ రంగు మెదడు వాడు. వాడిని చూడగానే ఆ కొత్తవాళ్లు అనే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. కింద అపోహలుగా రాసినవి అవే.

అపోహ: క్రాంగ్ మొదటి నుంచీ కామిక్స్‌లో ఉన్నాడు.

వాస్తవం: లేడు. కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయర్డ్ 1984లో మొదలుపెట్టిన నింజా టర్టిల్స్ కామిక్ తొలి సంచికల్లో యూట్రామ్‌లు అనే మెదడు ఆకారపు గ్రహాంతర జీవులు ఉన్నాయి. అవి రోబో శరీరాల పొట్టలో కూర్చుని మనుషుల్లా తిరుగుతాయి. కానీ అవి చెడ్డవి కావు, భూమ్మీద చిక్కుకుపోయాయంతే. 1987లో వచ్చిన కార్టూన్ ఆ రూపం తీసుకుని, దానికి కోపమూ రాజ్యకాంక్షా కలిపి క్రాంగ్‌ని చేసింది. 2011లో మొదలైన ఐడీడబ్ల్యూ అనే ప్రచురణ సంస్థ కామిక్స్ వాడిని యూట్రామ్‌ల సైన్యాధిపతిగా మార్చి మళ్లీ కాగితం మీదికి తెచ్చాయి. నాకు ఆ రూపం కూడా ఇష్టమే.

అపోహ: వాడు కార్టూన్‌లోని ఇంకో విలన్ ష్రెడర్ కింద పనిచేసేవాడు.

వాస్తవం: వాళ్లిద్దరూ ఉండే టెక్నోడ్రోమ్ అనే యుద్ధ స్థావరం క్రాంగ్‌దే. బహిష్కరణలో ఒళ్లు పోగొట్టుకున్న యుద్ధవీరుడు వాడు. తనకో శరీరం తయారుచేసి పెట్టమని ష్రెడర్‌ని అడుగుతాడు, ష్రెడర్ వాయిదాలు వేస్తూ ఉంటాడు. ఒకడికి తెలివి ఉంది, చేతులు లేవు. రెండోవాడికి చేతులున్నాయి, ఆ టెక్నాలజీ లేదు. వాళ్లిద్దరి గొడవలన్నీ ఇక్కడే పుట్టాయి. ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పని ఇద్దరు దుర్మార్గుల్ని ఒకే గదిలో పెడితే కథ దానంతట అదే నడుస్తుంది.

అపోహ: కాళ్లూ చేతులూ లేని మెదడే కదా, గీయడం తేలిక.

వాస్తవం: మా పనిలో ఎక్కువ ఇబ్బంది పెట్టే బొమ్మల్లో ఇదొకటి. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా 12 బొమ్మలు గీయాలి. మెదడు మీద ముడతలు చూడండి. తల కాస్త తిరిగితే ప్రతి ముడతా దానితో పాటు సరిగ్గా తిరగాలి. ఒక్క గీత వెంట్రుకవాసి జరిగినా, తెర మీద ఆ ముడతలు పురుగుల్లా పాకుతున్నట్టు కనిపిస్తాయి. అందుకే మేం మోడల్ షీట్‌లో (పాత్రని ఎలా గీయాలో అందరికీ చూపే నమూనా కాగితంలో) ముడతలు లెక్కపెట్టి మరీ తగ్గిస్తాం. పైన రెండు పెద్దవి, పక్కన కొన్ని, అంతే. ఇక కోపం చూపించాలంటే పిడికిలి లేదు, భుజం లేదు. కళ్లు, పళ్లు, రెండు చిన్న టెంటకిల్స్, వీటితోనే చెప్పాలి.

అపోహ: 2012 నింజా టర్టిల్స్ కార్టూన్ సీరీస్‌లోదీ అదే క్రాంగ్.

వాస్తవం: అక్కడ క్రాంగ్ అనేది ఒక జాతి పేరు. ఒకడు కాదు, గుంపు.

అపోహ: రోబో శరీరం వచ్చాక కష్టం తీరినట్టే.

వాస్తవం: అప్పుడు ఇంకో చిక్కు మొదలవుతుంది. పైన మనిషి తల ఉంటుంది, అసలువాడు పొట్టలో ఉంటాడు. 1987 కార్టూన్‌లో డబ్బింగ్ నటుడు పాట్ ఫ్రేలీ ఇచ్చిన ఆ గరగర గొంతు వచ్చేది పొట్టలోంచి. మరి ఎదుటివాడు ఎటు చూసి మాట్లాడాలి? ఇలాంటి పొట్టలో విలన్ ఉన్న పాత్ర ఒకటి నాకూ గీయాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ అందరి చూపూ తలవైపే పెట్టాను. స్టోరీబోర్డు (సీన్లని వరసగా గీసిన బొమ్మలు) వెనక్కి వచ్చింది, విలన్ ఎవరో అర్థం కావట్లేదన్నారు. డైలాగులు ముట్టుకోలేదు. ఎదుటివాళ్ల కనుపాపలు మాత్రం కిందికి దించి మళ్లీ పంపాను. ఈసారి ఓకే అయింది.