నగరం నడిబొడ్డున అరీనా: శాక్రమెంటో కింగ్స్ ఊరు విడిచిపోకుండా నిలిచిన కథ

2011 ఏప్రిల్ 13 రాత్రి శాక్రమెంటో కింగ్స్ బాస్కెట్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్ చేతిలో అదనపు సమయంలో ఓడిపోయింది. ఆ సీజన్‌కు అదే చివరి ఆట. ఆట ముగిసినా అభిమానులు కుర్చీల్లోంచి లేవలేదు. యజమానులు జట్టును దక్షిణ కాలిఫోర్నియాలోని అనహైమ్‌కు తరలించే ప్రయత్నంలో ఉన్నారని అందరికీ తెలుసు కాబట్టి, ఆ రాత్రి గుమ్మం దాటడమంటే జట్టుకు వీడ్కోలు చెప్పడమేనని వారికి అనిపించింది. ఏళ్ల తరబడి ఆ జట్టు ఆటలకు వ్యాఖ్యానం చెప్పిన ఇద్దరు టీవీ వ్యాఖ్యాతలు ప్రత్యక్ష ప్రసారంలోనే కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. మేమిక్కడే ఉంటామన్న నినాదం ఆ అభిమానుల ఉద్యమానికే పేరుగా నిలిచింది.

ఐదున్నరేళ్ల తరువాత, 2016 సెప్టెంబర్ 30న, శాక్రమెంటో నగరం నడిబొడ్డున గోల్డెన్ 1 సెంటర్ అనే కొత్త అరీనా (పైకప్పు ఉన్న క్రీడా భవనం) తలుపులు తెరుచుకున్నాయి. ఈ రెండు తేదీల మధ్య జరిగిన పోరాటాన్ని ఒక భవనం కోసం జరిగిన పోరాటంగానే చూస్తే దాని అసలు స్వరూపం అర్థం కాదు. అమెరికా వృత్తి క్రీడల్లో జట్టు ప్రైవేటు ఆస్తి. యజమాని కోరితే, లీగ్‌లోని మిగతా యజమానులు మెజారిటీతో ఒప్పుకుంటే, జట్టు ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లిపోతుంది. ఆ ఓటింగ్‌లో అభిమానికి చోటు లేదు, నగరానికీ లేదు. నగరం చేతిలో ఉన్న పట్టు ఒక్కటే: భవనం, దానితో ముడిపడిన ఒప్పందం. కొత్త అరీనా కట్టాలని అభిమానులు అంతగా పట్టుబట్టింది అందుకే.

కింగ్స్ చరిత్రే వారికి ఆ భయాన్ని నేర్పింది. ఈ జట్టు మొదట న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో రాయల్స్ పేరుతో ఆడి, 1951లో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ టైటిల్ గెలుచుకుంది. ఇప్పటికీ ఆ ఫ్రాంచైజీకి అదొక్కటే టైటిల్. 1957లో సిన్సినాటికి, 1972లో కాన్సస్ సిటీకి మారింది. కాన్సస్ సిటీలో అప్పటికే రాయల్స్ పేరుతో బేస్‌బాల్ జట్టు ఉండటంతో కింగ్స్ అయింది. 1983లో శాక్రమెంటోకు చెందిన రియల్ ఎస్టేట్ వ్యాపారి గ్రెగ్ లూకెన్‌బిల్, ఆయన భాగస్వాములు సుమారు కోటి డాలర్లకు జట్టును కొని, 1985లో తమ ఊరికి తెచ్చుకున్నారు. కాన్సస్ సిటీ ఆ రోజు పోగొట్టుకున్న జట్టుకు బదులుగా మరో ఎన్‌బీఏ జట్టు ఈనాటికీ రాలేదు. 2007లో ఆ ఊరు తన నడిబొడ్డున చక్కని అరీనా కట్టుకుంది కూడా. కచేరీలు వచ్చాయి, కళాశాల ఆటలు వచ్చాయి, జట్టు మాత్రం రాలేదు. జట్టు పోయాక కట్టిన అరీనాకూ, జట్టు ఉండగా కట్టిన అరీనాకూ ఎంత తేడా ఉందో కాన్సస్ సిటీని చూస్తే తెలుస్తుంది.

శాక్రమెంటో కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని. అయినా శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్‌ల నీడలో ఉండిపోయిన ఊరు. పురుషుల ప్రధాన వృత్తి క్రీడల్లో ఆ ఊరు తనదని చెప్పుకునే జట్టు కింగ్స్ ఒక్కటే. తొలి మూడు సీజన్లు పదివేల మంది మాత్రమే పట్టే తాత్కాలిక భవనంలో ఆడారు. 1988లో నగరానికి ఉత్తరాన నటోమస్ అనే ప్రాంతంలో, పొలాల మధ్య, సుమారు 17 వేల సీట్లతో ఆర్కో అరీనా లేచింది. ప్రైవేటు సొమ్ముతో, అప్పటి లెక్కల్లో కూడా చవకగా కట్టిన భవనం అది. జట్టు ఓడుతున్నా ఏళ్ల తరబడి టికెట్లు అమ్ముడైపోయేవి. లేకర్స్ శిక్షకుడు ఫిల్ జాక్సన్ ఈ ఊరిని పశువుల ఊరన్నట్టు తక్కువ చేసి మాట్లాడితే, అభిమానులు ఆ మాటను మనసుకు తీసుకోవడానికి బదులు చేతుల్లోకి తీసుకున్నారు. ఆవు మెడలో కట్టే గంటలు తెచ్చి, లేకర్స్ ఆటగాళ్ల బెంచీ వెనుక నిలబడి మోగించారు. ఆ గంటల చప్పుడు శాక్రమెంటో గుర్తుగా మారింది.

ఆ చప్పుడు తారస్థాయికి చేరింది 2001–02 సీజన్‌లో. క్రిస్ వెబర్, వ్లాడీ డివాచ్, మైక్ బిబీ, పేజా స్టోయకోవిచ్ ఉన్న జట్టు 61 ఆటలు గెలిచి, పశ్చిమ విభాగం ఫైనల్ సిరీస్‌లో లేకర్స్‌ను చివరిదైన ఏడో ఆట దాకా లాగి, సొంత గడ్డపై అదనపు సమయంలో ఓడిపోయింది. ఆ సిరీస్ ఆరో ఆటలో అంపైరింగ్ గురించిన చేదు ఆ ఊళ్లో ఇంకా పోలేదు.

ఈ వైభవం కింద పునాది మాత్రం బలంగా లేదు. 1997లోనే అప్పటి యజమాని నష్టాలు చూపి జట్టు తరలిపోవచ్చన్న సంకేతాలు ఇస్తే, నగరం 7 కోట్ల డాలర్లకు పైగా అప్పు ఇచ్చి నిలుపుకుంది. తరువాత జట్టు లాస్ వేగాస్‌లో కేసినో వ్యాపారం చేసే మలూఫ్ సోదరుల చేతికి వచ్చింది. అదే కాలంలో దేశమంతటా కొత్త అరీనాలు లేచాయి. వాటిలో ధనికులకు ప్రత్యేక గదులు, విశాలమైన నడవలు, రెస్టారెంట్లు ఉండేవి. లీగ్‌లో జట్టు ఆదాయం సీట్ల సంఖ్య కన్నా ఈ ఏర్పాట్ల మీద ఎక్కువగా ఆధారపడటం మొదలైంది. ఇరుకు నడవలతో చవకగా కట్టిన ఆర్కో అరీనా ఇరవై ఏళ్లకే పాతబడిపోయింది.

నడిబొడ్డున కొత్త అరీనా అన్న ఆలోచన ప్రజల ముందుకు వచ్చింది 2006 నవంబర్‌లో. డౌన్‌టౌన్ పక్కన ఉన్న పాత రైలు యార్డుల స్థలంలో అరీనా కట్టడానికి అమ్మకపు పన్నును పావు శాతం పెంచాలని శాక్రమెంటో కౌంటీ ఓటర్లను అడిగారు. ప్రతిపాదన ఘోరంగా ఓడిపోయింది. ప్రచారం సాగుతున్న రోజుల్లోనే మలూఫ్ సోదరులు చర్చల నుంచి లేచి వెళ్లారు. అదే సమయంలో వారు 6,000 డాలర్ల వైన్‌తో బర్గర్ తింటూ కనిపించిన ఒక టీవీ ప్రకటన ప్రసారమైంది. కోటీశ్వరులకు మా పన్నులెందుకన్న ప్రశ్నకు అంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ ఓటును క్రీడలపై ద్వేషంగా చదివిన వారున్నారు గానీ, నా దృష్టిలో అది అన్యాయం. అటువంటి బేరంలో ప్రజలు కాదనడం పూర్తిగా సబబే.

రెండేళ్లు తిరగకుండానే కాదంటే ఏమవుతుందో సియాటిల్ చూపించింది. 1967 నుంచి ఆడుతూ, 1979లో టైటిల్ గెలిచిన సూపర్‌సోనిక్స్ జట్టును 2006లో ఓక్లహోమా వ్యాపారి క్లే బెనెట్ బృందం కొన్నది. కొత్త అరీనాకు ప్రజాధనం దొరకలేదు. 2008లో బెనెట్ నగరంతో లీజు వివాదాన్ని 4.5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుని, జట్టును ఓక్లహోమా సిటీకి తీసుకుపోయారు. నలభై ఏళ్ల అనుబంధం ఒక వేసవిలో తెగిపోయింది. శాక్రమెంటో అభిమానులు ఆ వార్తను తమ ఊరికి రాసిన ఉత్తరంలా చదువుకున్నారు.

ఇక 2011. మేయర్ కెవిన్ జాన్సన్ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఫీనిక్స్ సన్స్ తరఫున ఎన్‌బీఏలో ఆడిన మనిషి. న్యూయార్క్‌లో లీగ్ యజమానుల ముందుకు వెళ్లి, స్థానిక వ్యాపార సంస్థల నుంచి లక్షల డాలర్ల కొత్త ప్రాయోజకత్వ హామీలు చూపించి, ఒక్క ఏడాది గడువు అడిగారు. జట్ల తరలింపులను పరిశీలించే సంఘానికి అప్పట్లో అధ్యక్షుడు సాక్షాత్తు క్లే బెనెట్. ఆయనే స్వయంగా శాక్రమెంటోకు వచ్చి పరిస్థితి చూశారు. గడువు దొరికింది. 2012 ఫిబ్రవరిలో రైలు యార్డుల దగ్గర 39.1 కోట్ల డాలర్లతో అరీనాకు ఒప్పందం కుదిరినట్టు ప్రకటన వచ్చింది. ఏప్రిల్‌లో మలూఫ్ సోదరులు దాని నుంచి తప్పుకున్నారు. ఊరు మళ్లీ మొదటికొచ్చింది.

2013 జనవరిలో వచ్చిన దెబ్బ అన్నిటికన్నా పెద్దది. సియాటిల్‌కు చెందిన పెట్టుబడిదారు క్రిస్ హాన్సెన్, మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ కలిసి కింగ్స్‌లో మెజారిటీ వాటా కొనడానికి ఒప్పందం రాసుకున్నారు. జట్టు సియాటిల్‌కు వెళ్లి సోనిక్స్ పేరుతో ఆడాలన్నది వారి ఉద్దేశం. ఈ ఘట్టంలో ఏ పక్షాన్నీ విలన్‌గా చూడటం నాకు సాధ్యం కాదు. ఐదేళ్ల క్రితం సియాటిల్ అనుభవించిన బాధనే ఇప్పుడు శాక్రమెంటో అనుభవించబోతోంది. ఒక ఊరి గాయం మానాలంటే మరో ఊరికి గాయం కావాలి. జట్ల సంఖ్యను ముప్పైకి పరిమితం చేసి, వాటి కోసం ఊళ్లు పోటీపడేలా చేసిన ఏర్పాటు ఫలితం ఇది.

నగరానికి రెండు నెలల వ్యవధిలో రెండు పనులు చేయవలసి వచ్చింది: కొనేవారిని వెతకడం, అరీనాకు డబ్బు చూపడం. ముంబైలో పుట్టి సిలికాన్ వ్యాలీలో టిబ్కో సంస్థను నిర్మించిన వివేక్ రణదివే నాయకత్వంలో కొనుగోలు బృందం ఏర్పడింది. రైలు యార్డుల బదులు, కె వీధిలో కళతప్పిన డౌన్‌టౌన్ ప్లాజా అనే షాపింగ్ మాల్‌ను పడగొట్టి అక్కడ అరీనా కట్టాలని నిర్ణయించారు. మార్చి 26న నగర మండలి 7–2 ఓట్లతో 44.8 కోట్ల డాలర్ల ప్రణాళికను ఆమోదించింది. అందులో 25.8 కోట్లు నగరం వాటా. కొత్త పన్ను వేయకుండా, నగరానికి పార్కింగ్ ద్వారా వచ్చే రాబడిని ఆధారంగా చూపి బాండ్లు అమ్మి, ఆ సొమ్ములో అధికభాగం సమకూర్చాలన్నది ఏర్పాటు. అభిమానులు తమ వంతుగా, జట్టు ఉంటే వచ్చే సీజన్ టికెట్లు కొంటామని వేల సంఖ్యలో హామీలు ఇచ్చారు. మే 15న డల్లాస్‌లో సమావేశమైన లీగ్ యజమానులు 22–8 ఓట్లతో తరలింపును తిరస్కరించారు. రోజుల్లోనే మలూఫ్ సోదరులు జట్టు మొత్తానికి 53 కోట్ల డాలర్లకు పైగా విలువకట్టి తమ వాటాను రణదివే బృందానికి అమ్మడానికి ఒప్పుకున్నారు. ఎన్‌బీఏ జట్టుకు భారత్‌లో పుట్టిన వ్యక్తి ప్రధాన యజమాని కావడం అదే మొదటిసారి. 2019 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన తొలి ఎన్‌బీఏ ఆటల్లో కింగ్స్ ఆడటానికి దారి వేసింది ఆ మార్పే.

జట్టు ఉండటానికి లీగ్ ఒక షరతు పెట్టింది: 2017 నాటికి కొత్త అరీనా తెరవాలి, లేకపోతే జట్టును లీగ్ తిరిగి కొనేసుకోవచ్చు. అందుకే నిర్మాణంలో ప్రతి ఆలస్యమూ ప్రమాదమే అయింది. ప్రజాధనం ఖర్చుపై ఓటింగ్ జరపాలని సంతకాలు సేకరించిన స్థానికులు నిజమైన ప్రశ్నలే అడిగారు. వారి సంతకాల సేకరణలో ఒక భాగానికి సియాటిల్ పెట్టుబడిదారు హాన్సెన్ రహస్యంగా డబ్బు ఇచ్చినట్టు 2013 ఆగస్టులో బయటపడటం, ఆయన క్షమాపణ చెప్పవలసి రావడం ఆ ప్రశ్నల విలువను అనవసరంగా మసకబార్చింది. 2014 ఆరంభంలో పిటిషన్లలోని లోపాల కారణంగా న్యాయస్థానం ఆ ఓటింగ్‌కు అవకాశం లేదని తేల్చింది. పర్యావరణ వ్యాజ్యాలు త్వరగా తేలేలా రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టం చేసింది. 2014 మే 20న నగర మండలి మళ్లీ 7–2 ఓట్లతో తుది ఆమోదం ఇచ్చింది. అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. చివరికి ఖర్చు 55 కోట్ల డాలర్లు దాటింది. పెరిగిన భారాన్ని జట్టు భరించింది. భవనం మాత్రం నగరానిదే. జట్టు 35 ఏళ్ల పాటు ఊరు విడవనని ఒప్పందం రాసిచ్చింది.

పార్కింగ్ రాబడి మీద కట్టిన అప్పు ఎంత సున్నితమైనదో 2020లో తెలిసింది. కోవిడ్ కాలంలో కార్యాలయాలు మూతపడి డౌన్‌టౌన్‌లో కార్లు కనబడకపోయే సరికి ఆ రాబడి పడిపోయింది, వాయిదాలు మాత్రం ఆగలేదు. క్రీడా భవనాలకు పెట్టిన ప్రజాధనం పన్నుల రూపంలో తిరిగి రాదని ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్న మాటకు శాక్రమెంటో మినహాయింపు అని నేను అనలేను. అరీనా చుట్టూ హోటల్, దుకాణాలు, రెస్టారెంట్లు వచ్చాయన్నది నిజం. వాటిలో ఎంత భాగం కొత్తగా పుట్టిన వ్యాపారం, ఎంత భాగం పక్క వీధి నుంచి జరిగి వచ్చిందన్నది వేరే లెక్క. అభిమానులు ఆ లెక్క వేసి అరీనాను కోరలేదు. జట్టు తమ ఊరిదిగా మిగలాలని కోరారు. దానికి ఒక ధర ఉందని దాపరికం లేకుండా చెప్పి ఉంటే, 2006లో కాకపోయినా 2013లో వారు ఆ ధరకు ఒప్పుకునేవారని నా నమ్మకం.

నటోమస్‌లోని పాత అరీనాలో చివరి ఆట 2016 ఏప్రిల్ 9న జరిగింది. ప్రత్యర్థి ఓక్లహోమా సిటీ థండర్, అంటే ఒకనాటి సియాటిల్ జట్టు. కింగ్స్ రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. ఆ భవనాన్ని 2022లో పడగొట్టారు. కొత్త అరీనా వచ్చాక కూడా జట్టు ఆట బాగుపడటానికి చాలా కాలం పట్టింది. 2006 తరువాత వరుసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్‌కు చేరలేదు, లీగ్ చరిత్రలో అంత సుదీర్ఘ నిరీక్షణ మరే జట్టుకూ లేదు. 2022–23లో శిక్షకుడు మైక్ బ్రౌన్ హయాంలో ఆ నిరీక్షణ తీరింది. గెలిచిన ప్రతి రాత్రీ అరీనా పైకప్పు మీద నుంచి ఊదారంగు లేజర్ కాంతి ఆకాశంలోకి లేచేది, దాన్ని వెలిగించమని ఊరంతా అరిచేది. ఆ భవనంలో మొట్టమొదటి ప్లేఆఫ్ ఆట 2023 ఏప్రిల్ 15న జరిగితే, కింగ్స్ గోల్డెన్ స్టేట్ వారియర్స్‌పై 126–123 తేడాతో గెలిచింది. రెండు వారాల తరువాత అదే అరీనాలో, స్టీఫెన్ కరీ 50 పాయింట్లు సాధించిన ఏడో ఆటలో, ఓడిపోయి సిరీస్ పోగొట్టుకుంది. ఆ రాత్రి ఇళ్లకు వెళ్తున్న అభిమానులు జట్టు ఎక్కడికి పోతుందోనని భయపడవలసిన అవసరం రాలేదు.