గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఒక ఇల్లు చేతులు మారిన కథ

జర్మనీలోని డ్రెస్డెన్ చిత్రశాలలో పావొలో వెరొనేసె 1571 ప్రాంతంలో గీసిన పెద్ద చిత్రం ఒకటి ఉంది. మేరీ మాత ముందు ఒక వర్తక కుటుంబం పిల్లాపాపలతో మోకరిల్లి ఉంటుంది. వాళ్ల వెనక, కుడి పక్కన దూరంగా ఒక మేడ కనిపిస్తుంది. అది వాళ్ల సొంత ఇల్లే. దైవసన్నిధిలో గీయించుకున్న బొమ్మలోనూ దానికి చోటిచ్చారంటే ఆ ఇంటి మీద ఎంత మమకారమో! ఇటలీలోని వెనిస్‌లో, ఊరి మధ్యగా పారే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఉన్న ఆ ఇంట్లోనే ఇప్పుడు 24 గదుల అమన్ హోటల్ నడుస్తోంది.

కట్టించింది బొమ్మలోని ఆ వర్తక కుటుంబమే, ఇటలీలోని బెర్గామో నుంచి వచ్చిన కొచ్చీనాలు. 16వ శతాబ్దం మధ్యలో వాస్తుశిల్పి జన్‌జాకొమో దె గ్రిజి దీనికి రూపమిచ్చాడు. ఇంట్లో ఉన్న వెరొనేసె చిత్రాలు 1645లోనే ఇల్లు వదిలి మోడెనా ప్రభువు చేతికి, శతాబ్దం తర్వాత డ్రెస్డెన్‌కు చేరాయి. ఇల్లు 1748లో తియెపొలో వంశానికి దక్కింది. లోపల పైకప్పు మీద బొమ్మలు వేసిన జొవాన్ని బత్తిస్తా తియెపొలోది అదే ఇంటిపేరైనా, ఆ వంశం మాత్రం కాదు.

1797లో నెపోలియన్ ముందు వెనిస్ రిపబ్లిక్ కూలింది. దాంతోపాటు పాత వంశాల సిరిసంపదలూ కరిగిపోయాయి. ఆ తర్వాత ఎన్నో మేడలు హోటళ్లయ్యాయి: దాండొలో అనే పాత వంశం వాళ్ల భవనంలో 1822లో వెలసిన డానియెలి ఈనాటికీ పేరున్న హోటల్. కొచ్చీనాల ఇంటికి మాత్రం 1864లో గ్రీకు దీవి కోర్ఫులో మూలాలున్న పాపడోపొలి కుటుంబం దొరికింది. వాళ్లు దాన్ని బాగుచేయించి, పక్క ఇళ్లు పడగొట్టి తోట వేశారు. గ్రాండ్ కెనాల్ ఒడ్డున తోట ఉండటం అరుదు.

ఇలాంటి ఇంటిని నిలబెట్టడం ఎంత కష్టమో గోడ అడుగుభాగం చూస్తే తెలుస్తుంది. బురదలో దిగగొట్టిన కొయ్య గుంజల మీద పునాది, దానిపైన నీరు పీల్చని ఇస్ట్రియా రాయి, ఆపైన ఇటుక. నీటిమట్టం పెరిగి అల రాయిని దాటినప్పుడల్లా ఇటుక ఉప్పునీటిని పీల్చుకుంటుంది. ఆరాక ఉప్పు గడ్డకట్టి గచ్చును పొరలుపొరలుగా రాలుస్తుంది. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్లకు లేచింది. అలాంటి నగరంలో మరమ్మతు ఏటేటా ఉండే ఖర్చే.

పాపడోపొలిల వారసులైన అర్రివబేనె కుటుంబం ఇంటిని అమ్ముకోలేదు. 2013లో అమన్ హోటల్ తెరిచాక కూడా పై అంతస్తులో తామే ఉన్నారు. నాకు ఇది మంచి ఏర్పాటుగానే కనిపిస్తుంది. తియెపొలో బొమ్మలు తడిసి రాలిపోవడం కన్నా నయం. నన్ను కలవరపెట్టేది ఇంటి చుట్టూ ఉన్న ఊరు. 1951లో వెనిస్ పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. 2022 నాటికి 50,000 మంది కూడా లేరు. కొత్త హోటళ్లకు 2017లో నగరపాలక సంస్థ కళ్లెం వేసేసరికే ఎన్నో ఇళ్లలో కాపురాలు పోయి అతిథులు చేరారు. వాటిలో చాలావాటికి పై అంతస్తులో ఉండే వారసులు లేరు.