ఆగస్టులోనే క్రిస్మస్ స్టార్లా? పేపర్ క్రాఫ్ట్స్ గురించి నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నిన్న సాయంత్రం పక్కింటమ్మాయి గిన్నె తిరిగి ఇవ్వడానికొచ్చి, హాల్లో నేలంతా పరిచిన ఎర్ర షీట్లు చూసి "ఇంకా వినాయక చవితే రాలేదు, అప్పుడే క్రిస్మస్ ఏంటక్కా" అంది. ఏటా ఎవరో ఒకరు అడిగే మాటే ఇది. మాది నెల్లూరు వైపు, పెళ్ళయ్యాక చెన్నై పెరంబూర్‌లో ఉంటున్నాం, ఇంటి దగ్గరే 13 ఏళ్ళ నుంచి స్టార్లు, కార్డులు, కాగితం పువ్వుల దండలు చేసిస్తున్నా, సెలవుల్లో నేర్పిస్తున్నా కూడా. ఈ పనిలో కొన్ని మాటలు అందరి నోటా తిరుగుతుంటాయి, అవి నమ్మి డిసెంబర్‌లో వంకర్లు పోయిన కార్డులు పట్టుకుని మా ఇంటికొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు, వాళ్ళని చూస్తే బాధేస్తుంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: పండగ 25న కదా, నవంబర్ చివర్లో మొదలెట్టినా చాలు

25 పండగ చేసుకునేవాళ్ళ తేదీ, పని చేసేవాళ్ళది కాదు. మన తెలుగు చర్చిల్లో సంగతి తెలిసిందే కదా, సెమీ క్రిస్మస్, సండే స్కూల్ క్రిస్మస్, యూత్ క్రిస్మస్, స్త్రీల సమాజం వాళ్ళది వేరే, ఇవి చాలావరకు డిసెంబర్‌లో 20 లోపే అయిపోతాయి. ఇంటి ముందు స్టార్ ఇంకా ముందే ఎక్కాలి, అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం ఎప్పుడైనా నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్యలోనే పడుతుంది. పిల్లలకి అడ్వెంట్ క్యాలెండర్, అంటే పండగ దాకా రోజుకో చిన్న డబ్బా తెరిచేది, చేస్తే డిసెంబర్ 1కి మొదటి డబ్బా తెరవాలి, అలాంటివి 24. కార్డులు పోస్టులో వెళ్ళాలంటే దానికో వారం పది రోజులు. అన్నీ వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే నవంబర్ 20కల్లా పని చేతిలోంచి వెళ్ళిపోవాలి.

దీనికి తోడు చెన్నై వాన. ఇక్కడ ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడుతుంది, అందులో నవంబర్ మరీ ఎక్కువ. హైదరాబాద్‌లో ఉండే మా చెల్లి నవంబర్‌లో మొదలెట్టినా దానికి నడుస్తుంది, అక్కడ అప్పటికి గాలి పొడిగా ఉంటుంది, ఇక్కడ అదే నెలలో కాగితం డబ్బా మూత తీసి పెట్టిన అప్పడంలా మెత్తబడిపోతుంది, కత్తెర పడితే అంచు తెగడం పోయి నలుగుతుంది, జిగురు రాత్రంతా ఉన్నా ఆరదు. 2015 డిసెంబర్ వరదలప్పుడు మేం కింద పోర్షన్‌లో ఉండేవాళ్ళం, మంచం కింద అట్టపెట్టెల్లో పెట్టిన 60 స్టార్లు తడిసి ముద్దయిపోయాయి, ఊళ్ళో మనుషులు ప్రాణాలే పోగొట్టుకున్న రోజులవి, కాగితం గురించి ఏడవడానికి కూడా మనసొప్పలేదు. కానీ అప్పట్నుంచీ సెప్టెంబర్ దాటాక నేను పెద్ద అంటింపు పనులేవీ పెట్టుకోను, నేల మీద ఏదీ దాచను. 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుపాను, బాపట్ల దగ్గర తీరం దాటేముందు ఇక్కడ కుమ్మేసిందే అది, అప్పుడు మాకు కరెంటు లేదు, వీధిలో నీళ్ళు, అయినా ఆ ఏడాది ఒక్క ఆర్డర్ ఆగలేదు. పనంతా అప్పటికే అలమరా పై అరలో ఉంది.

అపోహ: ముందే చేసి పెడితే డిసెంబర్‌కల్లా పాడైపోతాయి

అందరూ భయపడేది దీనికే, అందుకే కొంచెం వివరంగా చెప్తా. నాలుగు నెలల్లో కాగితం దానంతటది పాడవదు. దాన్ని పాడు చేసేవి వెలుతురు, తేమ, బరువు, జిగురు. ఈ నాలుగింటినీ చూసుకుంటే ఆగస్టులో చేసింది డిసెంబర్‌లో నిన్న చేసినట్టే ఉంటుంది.

ఎర్ర చార్టు, రాణి రంగు చార్టు కిటికీ పక్కన పెడితే నెలలోనే వెలిసిపోతాయి, చీకటి అలమరాలో పెడితే ఏమీ కావు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, నీలం గింజలవైతే గులాబీ రంగుకి తిరిగినప్పుడు వాటి పని అయిపోయినట్టు. ఆ నీలం రంగుది కోబాల్ట్ మందు, పిల్లల చేతికి అందనివ్వకండి.

మూడేళ్ళ కిందట ఒకావిడ తను జులైలో చేసిన కార్డుల కట్ట తీసుకొచ్చింది. పైకి బాగానే ఉన్నాయి, తెరిచి చూస్తే ప్రతి కార్డులోనూ మధ్య మడతకి ఇటు వేలెడు వెడల్పున పసుపు పట్టీ, అటు ఇంకో పట్టీ, ముట్టుకుంటే జిగట. చవక డబుల్ సైడ్ టేప్ వేసింది, వేడికి దాని గమ్ కరిగి కాగితంలోకి దిగింది. పైగా ఒకదాని మీద ఒకటి పేర్చి పైన డిక్షనరీ బరువు పెట్టింది, దాంతో ముందు వైపు చేసిన క్విల్లింగ్ పువ్వులన్నీ (సన్నటి కాగితం పట్టీలు చుట్టి చేసేవి) చపాతీ అయిపోయాయి, వెనక కార్డుకి వాటి అచ్చు పడింది. ఆవిడ చేతి పనిలో వంక లేదు, చాలా నీటుగా చేసింది, వరస ఒక్కటే తప్పింది.

ఆ వరస ఇది. కత్తిరించడం, గీతలు నొక్కడం, మడతలు, ఇవి ఎంత ముందైనా చేసుకోవచ్చు, చదునుగా ఉంటాయి కాబట్టి బరువు పెట్టినా మంచిదే. అంటించే పని వానలు దిగకముందు, ఎండ కాసే రోజుల్లో. ఉబ్బెత్తు పువ్వులు, ముత్యాలు, దారాలు, పేర్లు రాయడం నవంబర్ 20కి ముందు వారం రోజుల పని, వాటికి తేమతో పెద్ద గొడవ లేదు.

పెద్ద స్టార్లకి ఈ వరస ఇంకా బాగా పనికొస్తుంది. మొరేవియన్ స్టార్ తీసుకోండి, 1830ల్లో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ స్కూల్లో లెక్కల పాఠం కోసం చేయించిన బొమ్మ అది, పిల్లలకి ఘనాకారాలు అర్థం కావాలని. దాంట్లో నాలుగు పలకల కొనలు 17, మూడు పలకలవి 8, ఇంకో చోటు బల్బు పెట్టడానికి ఖాళీ. ఆ 25 కొనలూ ఆగస్టులో గీసి, కత్తిరించి, గీతలు నొక్కి, మడవకుండా చదునుగా ఒక ఫైల్లో పెట్టేస్తా, అంత పెద్ద స్టార్ ఫైలంత మందంలో ఒదిగిపోతుంది. సెప్టెంబర్‌లో ఎండ ఉన్న ఒక ఆదివారం చూసుకుని అంటిస్తా.

ఇంకోటి, మైదా ఉడకేసి చేసే జిగురు. మన అమ్మలు, అమ్మమ్మలు గాలిపటాలకీ పుస్తకాల అట్టలకీ అదే వాడారు, నాకూ ఇష్టమే, వాడిన వారంలో విప్పేసే తోరణాలకి బంగారం లాంటిది. నెలల తరబడి దాచేవాటికి మాత్రం వద్దు, పిండి అంటే సిల్వర్‌ఫిష్ పురుగులకీ బొద్దింకలకీ భోజనమే. బైండింగ్ వాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళు, అది విషం, పిల్లలు చేతులు పెట్టే పనిలో కలపకండి.

అపోహ: ఫెవికాల్ ఎంత ఎక్కువ రాస్తే అంత గట్టిగా పడుతుంది

తెల్ల జిగురులో నీళ్ళు చాలా ఉంటాయి. ఆ నీళ్ళు కాగితం ఒక వైపే తాగుతాయి, ఆ వైపు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు లాక్కుంటుంది, అందుకే వంకర. స్టార్ కొన అంటించడానికి నేను టూత్‌పిక్ చివరతో ఆవగింజంత తీసుకుని అంటు పట్టీ పొడుగునా సన్నగా లాగుతా, నొక్కినప్పుడు పక్కలకి తెల్లగా బయటికి రాకూడదు, వస్తే ఎక్కువైనట్టే. నొక్కి మనసులో 20 లెక్కపెడతా, వదిలేస్తా. చదునుగా పెద్ద కాగితాన్ని కాగితం మీద అంటించాలంటే తెల్ల జిగురు అసలు ముట్టను, గ్లూ స్టిక్ గానీ మంచి రకం టేపు గానీ. అంటించాక ఒక రోజంతా ఆరనివ్వండి, పైకి ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల తడి ఉంటుంది, అదే తడితో డబ్బాలో పెట్టి మూతేస్తే బూజు వాసన గ్యారంటీ.

అపోహ: కాగితం ఎంత దళసరైతే అంత మంచి క్వాలిటీ

షాపుకెళ్ళి "300 జీఎస్ఎం ఇవ్వండి" అని (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క అది) అడిగి దాంతోనే అన్నీ చేసేస్తారు. కార్డు అడుగు షీటుకి 250 నుంచి 300 సరే. స్టార్ కొనలకి 160, 180 చాలు, అంతకు మించితే మూల దగ్గర మడత పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. నాలుగు పట్టీలతో అల్లే ఫ్రోబెల్ స్టార్‌కి 100, 120 దాటకూడదు, చివర్లో పట్టీ దూర్చే చోట ఇరుక్కుపోతుంది.

దళసరి కంటే ముఖ్యమైంది గ్రెయిన్, దాని గురించి ఎవరూ చెప్పరు. మిల్లులో మిషన్ మీద కాగితం పరుగెత్తేటప్పుడు అందులోని పీచు చాలావరకు ఆ పరుగు దిక్కుకే పడుకుంటుంది. ఆ దిక్కే గ్రెయిన్, దాని వెంట మడిస్తే గీత గీసినట్టు మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే గరగరలాడుతూ పగులుతుంది. తేమకి కాగితం సాగేది కూడా ఎక్కువగా ఆ పీచుకి అడ్డంగానే, వానాకాలంలో కొన్ని కార్డులు పెదవి విప్పినట్టు తెరుచుకుని నిలబడటానికి కారణం అదే. చూసుకోవడం చాలా ఈజీ. షీటుని మడత పడకుండా సగానికి వంచి పైనుంచి అరచేత్తో మెల్లగా నొక్కండి, తర్వాత ఇంకో వైపు నుంచి అలాగే వంచి నొక్కండి. ఒకసారి మెత్తగా లొంగుతుంది, ఇంకోసారి స్ప్రింగ్‌లా ఎదురు తిరుగుతుంది. లొంగినప్పుడు ఎటు వంచారో కార్డు మడత అటే రావాలి. పుదుచ్చేరి ఆశ్రమం వాళ్ళ చేతి కాగితంలో ఈ బాధ దాదాపు ఉండదు, అందులో పీచు అన్ని వైపులా కలిసిపోయి ఉంటుంది.

మడత గీత సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీత నొక్కుతాం కదా, ఆ గాడి లోపలికి వచ్చేలా మడవాలి అనుకుంటారు చాలామంది, నేనూ మొదటి రెండేళ్ళు అలాగే మడిచా. గాడి బయటికి, వెనక లేచిన ఉబ్బు లోపలికి రావాలి. ఒకసారి రెండు రకాలుగా మడిచి పక్కపక్కన పెట్టి చూడండి.

అపోహ: ప్రింట్ వాడితే అది హ్యాండ్‌మేడ్ కాదు

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన హార్స్లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి అమ్మకానికి పెట్టిన మొదటి క్రిస్మస్ కార్డు కూడా అచ్చు వేసి చేత్తో రంగులద్దిందే. లోపల వాక్యం ప్రింట్ తీసి పైపని చేత్తో చేయండి, తప్పేం లేదు. ఇంక్‌జెట్ ప్రింటయితే మాత్రం ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు జిగురు దగ్గరికి తీసుకెళ్ళండి, చాలా ప్రింటర్ల ఇంక్ తడి తగిలితే పాకుతుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తా. గ్లిట్టర్ లేకపోతే క్రిస్మస్ కళ రాదంటారు, అది ప్లాస్టిక్ పొడి, ఇల్లంతా సంక్రాంతి దాకా మెరుస్తుంది, కాలవలోకి పోతుంది, బంగారు రంగు కాగితం సన్నగా కత్తిరించి వాడండి, దీపం వెలుగులో అంతకంటే బాగుంటుంది. కాగితం స్టార్‌లో ఏ బల్బయినా పెట్టొచ్చంటారు, పెట్టకూడదు, పాత గుండు బల్బు తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం వేడే అవుతుంది, 5 వాట్ల ఎల్ఈడీ పెట్టండి, అది కూడా కాగితానికి తగలకుండా మధ్యలో వేలాడాలి. కార్డు చేశాక కవరు వెతుక్కోవచ్చంటారు, ముందు కవరు కొనండి, ఏ6 కార్డుకి సీ6 కవరు, అప్పుడే కార్డు చేయండి.

సామాను ఎప్పుడైనా దొరుకుతుందనేది కూడా అపోహే. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో ఆడి నెలలో, అంటే తమిళుల లెక్కలో జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, పెళ్ళిళ్ళుండవు, పెళ్ళికార్డుల షాపుల వాళ్ళు తీరిగ్గా ఉంటారు, మిగిలిపోయిన కవర్లు, మంచి షీట్ల ముక్కలు కట్టలుగా ఇస్తారు, కటింగ్ మిషన్ మీద మనకి కావాల్సిన సైజుకి కోసిపెడతారు. నవంబర్‌లో వెళ్తే క్యాలెండర్లు, డైరీల పని మీదుంటారు, మన 50 షీట్లు ఎవరు కోస్తారు.

చివరగా, కాగితమే కదా ఎంతవుతుంది అనే మాట. ఈ మాట మన సొంతవాళ్ళే ఎక్కువ అంటారు, "వదినా, మనకి మనకి ఏంటి, ఒక పది స్టార్లు చేసిపెట్టు" అని. ఒక మొరేవియన్ స్టార్‌కి గీయడం, కోయడం, అంటించడం అంతా కలిపి నాకు ఐదారు గంటలు. కాగితం ఖర్చు వంద దాటకపోవచ్చు, ఆ గంటలు మాత్రం నావి, పిల్లలు పడుకున్నాక నడుము నొప్పితో కూర్చుని చేసినవి. మీరు అమ్మేవాళ్ళయితే గంటకి ఇంత అని కూలి రాసుకుని ధర కట్టండి, చెప్పేటప్పుడు గొంతు తగ్గించకండి.

పక్కింటమ్మాయి నిన్న పది నిమిషాలని కూర్చుని రెండు గంటలుంది. ఫ్రోబెల్ స్టార్ మొదటి అల్లిక వచ్చేసింది, కొనలు తిప్పే దగ్గర పట్టీ చినిగింది. ఈ రోజు మళ్ళీ వస్తానంది, ఒకటిన్నర సెంటీమీటర్ వెడల్పు, 45 పొడవు, నాలుగు పట్టీలు గ్రెయిన్ వెంట కోసి పక్కన పెట్టా.