చెల్లికి నీ మీద కోపం లేదు

చిరంజీవి పెద్దాడికి తాతయ్య దీవించి రాసేది. ఇది మీ వీధి పిల్లలకి కూడా చదివి వినిపించు. పళ్లు కొరికే చెల్లో తమ్ముడో వాళ్ల ఇళ్లలోనూ ఉండే ఉంటారు.

రాత్రి చెల్లి నిద్రలో పటపటా పళ్లు కొరుకుతోందనీ, దాని రంగు పెన్సిళ్లు నువ్వు దాచినందుకు నీ మీద కోపమేమోననీ రాశావు. పెన్సిళ్లు ముందు ఇచ్చెయ్. కోపం సంగతంటావా, దానికి కోపం వస్తే పగలే రక్కుతుంది, రాత్రిదాకా ఆగే రకం కాదు.

మన పెరటి వసారాలో మూలన పడున్న తిరగలి చూశావుగా? కింద ఒక రాయి, పైన ఒక రాయి. పై రాయి నడిమి చిల్లులో గుప్పెడు కందులు పోసి, పిడి పట్టుకు తిప్పితే చుట్టూ పప్పు రాలుతుంది. గింజ ఉన్నంతసేపూ చప్పుడు మెత్తగా ఉంటుంది. గింజ అయిపోయిందో, రాయి మీద రాయి గరగరలాడుతుంది. నువ్వు విన్నది అదే. నోట్లో గింజ లేదు, తిరగలి మాత్రం తిరుగుతోంది. తిరగలిలో కదిలేది పై రాయి, మన నోట్లో కదిలేది కింది దవడ. ఆ కాస్త తేడా నువ్వే సర్దుకో.

మా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే అందరం వాకిట్లో వరసగా నులకమంచాలు వాల్చుకుని పడుకునేవాళ్లం. మా చిన్నాన్న పళ్లు కొరికితే ఆ చివరి మంచానికి వినబడేది. మా నాయనమ్మ లెక్కలో దానికి ఒకటే కారణం, కడుపులో నులిపురుగులు. వేపచిగుళ్లు నూరి, ఉండలు కట్టి, పరగడుపున మింగించేది. చిన్నాన్న ఒక్కడికే అయితే బాగుండును, ఎందుకైనా మంచిదని పిల్లలందరికీ పెట్టేది. ఆపైన ఆముదం. అన్నీ మింగాడు చిన్నాన్న, పళ్లు కొరకడం మాత్రం మానలేదు. పెళ్లయి పిన్ని కాపరానికొచ్చాక కూడా.

అమ్మ కూడా పురుగులే అంటోందని రాశావు. చాలామంది అలాగే నమ్ముతారు గానీ, ఆ రెండింటికీ ముడి ఉందనడానికి గట్టి రుజువు లేదు. అలాగని ఫిబ్రవరి 10నా ఆగస్టు 10నా బళ్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఎగ్గొట్టకు. ఆ పురుగులు పిల్లల ఒంట్లో రక్తం తగ్గించేస్తాయి, తిన్నది ఒంటబట్టనివ్వవు. దాని దారి దానిదే.

మరి గింజ లేకుండా తిరగలి తిప్పేదెవరు? నిద్ర రాత్రంతా ఒకే తీరున ఉండదురా. కాసేపు లోతుగా ఉంటుంది, కాసేపు పైపైన ఉంటుంది. ఆ పైపై నిద్రలో మెదడు ఒక్క క్షణం మెలకువ అంచుదాకా వచ్చి మళ్లీ వెనక్కి పోతుంది. పొద్దున మనకేమీ గుర్తుండదు. తలకీ గుండెకీ దవడకీ తీగలు అంటించి రాత్రంతా గమనించిన డాక్టర్లు ఆ వరస కూడా పట్టుకున్నారు. ముందు మెదడు కదులుతుంది, గుండె వేగం అందుకుంటుంది, ఆ వెనకే దవడ బిగుస్తుంది. మా ఊళ్లో ఆడవాళ్లు కోడి కూయకముందే లేచి విసరడం మొదలుపెట్టేవాళ్లు. చెల్లి లోపలా అలాంటి ఆవిడ ఒకామె ఉందనుకో. నిద్రమత్తులో తెల్లారిందనుకుని లేచి పిడి పట్టుకుంటుంది. కొన్ని క్షణాలు తిప్పి మళ్లీ పడుకుంటుంది.

ఆవిడని లేపేవి చాలా ఉన్నాయి. కొందరిలో ఊరికే లేస్తుంది. కొందరిని కొత్త బడి బెంగ లేపుతుంది, పరీక్ష భయం లేపుతుంది, పెద్దవాళ్లనైతే సిగరెట్టూ సారా, పొద్దుపోయాక తాగిన కాఫీ లేపుతాయి. 2020లో కరోనాతో లోకమంతా బెంగపడిన రోజుల్లో పళ్లు కొరికేవాళ్లు, పళ్లు చిట్లినవాళ్లు ఎక్కువగా వస్తున్నారని అమెరికాలో పళ్ల డాక్టర్లు చాలామంది చెప్పారు. అందుకే పడుకోబోయే ముందు చెల్లికి దెయ్యాల కథలు చెప్పకు. నువ్వు చెబుతావని నాకు తెలుసు.

ఇంకొకటుంది, అది పట్టించుకోవాల్సినది. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచిన పిల్లలకి నిద్రలో ఊపిరి సరిగా ఆడదు. మెదడు మాటిమాటికీ ఉలిక్కిపడుతుంది. అలాంటి పిల్లల్లో పళ్లు కొరకడం ఎక్కువ కనిపిస్తుంది. అవి తీయించాక చాలామందిలో తగ్గుతుంది కూడా.

ఉత్త తిరగలి తిప్పితే మా నాయనమ్మ వీపు విమానం మోత మోగించేది. రాయి అరుగుతుంది, పప్పులో ఇసక పడుతుంది అని. రాయి అరిగితే గంట్లు కొట్టేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు, ఉలితో టకటకా చెక్కి పోయేవాళ్లు. పంటికి గంట్లు కొట్టేవాడు లేడు. పంటి మీది పింగాణీ పొర ఒంట్లో అన్నిటికన్నా గట్టిది, ఎముకకన్నా గట్టిది, కానీ ఒకసారి అరిగితే మళ్లీ పుట్టదు. చిన్నాన్న పళ్లు నలభై ఏళ్లకే సగానికి పొట్టివయ్యాయి. పొద్దున్నే కణతలు నొక్కుకుంటూ లేచేవాడు. ఇప్పుడైతే పెద్దవాళ్లకి రాత్రి పూట పెట్టుకునే తొడుగు చేసిస్తున్నారు, రెండు రాళ్ల నడుమ గుడ్డ పరిచినట్టు.

చెల్లివి ఇంకా పాలపళ్లే, ఆ 20 ఎలాగూ ఊడిపోయేవే. చాలామంది పిల్లలు ఎదిగేకొద్దీ కొరకడం వాళ్లంతట వాళ్లే మానేస్తారు. కాకపోతే ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికీ వెనకాల ఒక దవడపన్ను దొంగలా వస్తుంది. పాలపన్నే అనుకుని అందరూ దాన్ని వదిలేస్తారు. అది బతికున్నన్నాళ్లూ ఉండాల్సిన పన్ను. అది వచ్చేలోపు పళ్ల డాక్టరుకి ఒకసారి చూపించమని అమ్మతో చెప్పు.

ఇక నీ పని. రేపు రాత్రి చెల్లిని లేపకు, ఫోనులో వీడియో తీసి అందరికీ చూపించి నవ్వకు. పక్కన కూర్చుని విను. గురక ఉందా? నోరు తెరుచుకుని పడుకుంటోందా? ఊపిరి ఆగినట్టు ఆగి, గభాలున పీలుస్తోందా? ఏది చూస్తే అది కాగితం మీద రాసి అమ్మకివ్వు. డాక్టరుకి ఆ కాగితం పనికొస్తుంది.

అద్దం ముందు నిలబడి నీ తిరగలి పిడి కూడా చూసుకో. చెవి కింద, దవడ మూల మీద వేళ్లు పెట్టి, పళ్లు గట్టిగా కరుచు. ఒక కండరం పైకి పొంగుతుంది. వదిలేస్తే దిగిపోతుంది. నాకు ఈ వయసులోనూ అది వింతే.

అద్దం దగ్గరికి వెళ్లావు కాబట్టి, కొత్తగా వచ్చిన నీ ముందుపళ్ల అంచులు కూడా చూడు. ఒక్కో పంటికి మూడేసి చిన్న బొడిపెలుంటాయి. తినగా తినగా అరిగి చదునైపోతాయి, నాన్నవి ఎప్పుడో పోయి ఉంటాయి. నీవి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రాయి.

ఇట్లు
తాతయ్య