దరఖాస్తు రాసేదెవరు, తీర్పు చెప్పేదెవరు: ఛాలెంజ్ గ్రాంట్ల వెనకున్న కథ

ఇన్నోవేషన్ ఛాలెంజ్ ప్రకటన ఇప్పుడు ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తూనే ఉంటోంది. ఒక ప్రభుత్వ శాఖ తాగునీటిని ఇంటి దగ్గరే పరీక్షించే చౌక పరికరం కావాలంటుంది. ఒక ఫౌండేషన్ బాలింతల ఆరోగ్యానికి కొత్త ఆలోచన పంపమంటుంది. సమస్య ఇదీ, సొమ్ము ఇంత, గడువు ఫలానా తేదీ, ఎవరైనా రావచ్చు. నిధులిచ్చేవాళ్లు తమకు తెలిసిన నాలుగు సంస్థల్ని పిలిచి చెక్కు రాసిచ్చే పాత పద్ధతి కన్నా ఇది మేలని చాలామంది నమ్ముతున్నారు. నేనూ నమ్ముతున్నాను. అయితే తలుపు బార్లా తెరిచి పెట్టినా చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. ఎందుకు ఆగిపోతున్నారో తెలియాలంటే ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో, మధ్యలో ఎన్ని మలుపులు తిరిగిందో చూడాలి.

మన దేశంలో దీనికి 1929 నాటి గొప్ప ఉదాహరణ ఒకటుంది. గాంధీజీ నాయకత్వంలోని అఖిల భారత చరఖా సంఘం ఆ ఏడాది జూలైలో మెరుగైన చరఖాకు లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ రోజుల్లో లక్ష అంటే ఊహకందని సొమ్ము. దేశంలోనివారైనా, విదేశీయులైనా పోటీకి రావచ్చు. దాని షరతులు ఇప్పుడు చదివినా ఆశ్చర్యమేస్తుంది. యంత్రం తేలిగ్గా, ఎక్కడికైనా తీసుకెళ్లేలా ఉండాలి. పల్లెటూరి ఇంట్లో చేత్తోనో కాలితోనో తిప్పగలగాలి. ఒక స్త్రీ పెద్దగా అలసిపోకుండా ఎనిమిది గంటలు పనిచేయగలగాలి. ఆ ఎనిమిది గంటల్లో 12 నుంచి 20 నంబరు (నూలు సన్నదనం చెప్పే కొలత) నూలు 16,000 అడుగులు రావాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. ఇరవై ఏళ్లు మన్నాలి, ఏటా మరమ్మతు ఖర్చు యంత్రం ధరలో 5 శాతానికి మించకూడదు.

ఈ షరతులు రాసినవాళ్లకు వాడేవాళ్లెవరో బాగా తెలుసు. ఆమె ఇంటి కొలత తెలుసు, చేతిలో ఆడే డబ్బు తెలుసు, ఒంట్లో ఉన్న ఓపికా తెలుసు. ఈనాటి ఛాలెంజ్ ప్రకటనల్లో ‘విస్తరణకు అనువైన, వినూత్నమైన పరిష్కారం’ అని రాసి వదిలేస్తుంటారు. వాటి పక్కన పెట్టి చూస్తే, తొంభై ఏళ్ల కిందటి ఆ కాగితం ఎంత శ్రద్ధగా రాశారో తెలుస్తుంది.

లోపం ఇంకోచోట ఉంది. పోటీదారు తన యంత్రాన్ని సొంత ఖర్చుతో తయారుచేసి, సొంత ఖర్చుతోనే సబర్మతి ఆశ్రమానికి చేర్చాలి. గడువు 1930 అక్టోబరు 30. కావాలంటే పేటెంట్ కూడా సొంత డబ్బుతో తీసుకోవచ్చు, కానీ బహుమతి కావాలంటే హక్కులు సంఘానికి అప్పగించాలి. అంటే గెలిచేదాకా పైసా రాదు. వర్క్‌షాపు, ఇనుము, పనివాళ్లు ముందే చేతిలో ఉన్నవాళ్లకే అది సాధ్యం. ఊళ్లో చరఖాలు బాగుచేసే వడ్రంగికి ఎంత తెలివి ఉన్నా, ఏడాది పాటు కూలి మానుకుని నమూనాలు చేస్తూ కూర్చోలేడు. యంత్రాల తయారీలో అప్పటికే పేరున్న కిర్లోస్కర్ల నమూనా గెలుపు అంచులదాకా వెళ్లింది కానీ షరతులన్నీ తీర్చలేకపోయింది. లక్ష రూపాయలు ఎవరికీ దక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చాక తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపకల్పన అంబర్ చరఖాగా 1950ల్లో పల్లెలకు చేరింది.

అంతకు రెండొందల ఏళ్ల ముందే బ్రిటన్‌లో ఇలాంటి పోటీ ఒకటి జరిగింది. సముద్రం మధ్యలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తేల్చే పద్ధతికి 1714లో అక్కడి పార్లమెంటు 20,000 పౌన్ల బహుమతి పెట్టింది. జవాబు ఆకాశంలో, చంద్రుడి నడకలో, నక్షత్రాల లెక్కల్లో దొరుకుతుందని పెద్ద శాస్త్రవేత్తలు అనుకున్నారు. జాన్ హారిసన్ అనే వడ్రంగి మాత్రం నమ్మకమైన గడియారం చేస్తే చాలన్నాడు. 1761లో అతని నాలుగో గడియారాన్ని జమైకా ప్రయాణంలో పరీక్షిస్తే తేడా కొద్ది సెకన్లే వచ్చింది. అయినా ఈ పోటీకి తీర్పు చెప్పే బోర్డు ఒప్పుకోలేదు. మళ్లీ పరీక్ష, మళ్లీ కొత్త షరతు. 1765 నుంచి ఆ బోర్డులో ఉన్న ఆస్థాన ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ స్వయంగా చంద్రుడి లెక్కల పద్ధతికి గట్టి మద్దతుదారు. పోటీలో ఒక పక్షానికి చెందినవాడే తీర్పరి స్థానంలో కూర్చున్నాడన్నమాట. చివరికి మూడో జార్జి రాజు కల్పించుకున్నాక, 1773లో పార్లమెంటు హారిసన్‌కు 8,750 పౌన్లు ఇచ్చింది. అప్పటికి అతనికి ఎనభై ఏళ్లు.

ఈ కథలో జనం ఎక్కువగా చెప్పుకునేది హారిసన్‌కు జరిగిన అన్యాయం గురించి. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది 1737 నాటి సంగతి. మొదటి గడియారం చూశాక బోర్డు అతనికి 500 పౌన్లు మంజూరు చేసింది, అందులో సగం ముందుగానే చేతికిచ్చింది. తర్వాత కూడా పని సాగడానికి విడతలవారీగా డబ్బిచ్చింది. ఆ డబ్బు లేకపోతే ఒక వడ్రంగి దశాబ్దాల పాటు గడియారాల మీదే కూర్చోగలిగేవాడు కాదు. పెద్ద బహుమతి ఊరించింది నిజమే, కానీ పని నడిపించింది మాత్రం ఈ చిన్న గ్రాంట్లు.

ఇరవయ్యో శతాబ్దంలో గ్రాంట్లు ఇంకో దారి పట్టాయి. నిపుణుల కమిటీలు, నలభై యాభై పేజీల దరఖాస్తులు, గతంలో చేసిన పని రుజువులు, సిఫార్సు లేఖలు. డబ్బు దుర్వినియోగం కాకుండా ఉండాలన్నది వాటి ఉద్దేశం. కానీ ఫలితంగా ఒకసారి గ్రాంట్ వచ్చినవాళ్లకే మళ్లీ రావడం మామూలైపోయింది. ఈ నేపథ్యంలో 2003లో గేట్స్ ఫౌండేషన్ ‘గ్రాండ్ ఛాలెంజెస్’ మొదలుపెట్టింది. ముందుగా అసలు తేల్చాల్సిన సమస్యలేవో చెప్పమని ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తల్ని అడిగితే వెయ్యికి పైగా సూచనలు వచ్చాయి. వాటిలోంచి 14 సవాళ్లు ఎంచుకుని, 2005లో 43 ప్రాజెక్టులకు దాదాపు 43.6 కోట్ల డాలర్లు ఇచ్చారు. ప్రశ్నలు కొత్తవే, కానీ అంత పెద్ద ప్రాజెక్టులు నడపగల సత్తా ఎక్కువగా పెద్ద విశ్వవిద్యాలయాలకే ఉంటుంది కదా.

అసలు మార్పు 2008లో వచ్చింది. ‘గ్రాండ్ ఛాలెంజెస్ ఎక్స్‌ప్లొరేషన్స్’ పేరుతో దరఖాస్తును రెండు పేజీలకు కుదించారు. ముందస్తు ఫలితాలు చూపించక్కర్లేదన్నారు. చదివేవాళ్లకు రాసినవాళ్ల పేరు, సంస్థ పేరు తెలియనివ్వలేదు. ఎంపికైతే మొదట లక్ష డాలర్లు, పని బాగుంటే తర్వాత పది లక్షలు. మొదటి విడతలో దాదాపు 4,000 దరఖాస్తులు వస్తే 22 దేశాల నుంచి 104 ఎంపికయ్యాయి. పేరు కనపడకపోతే పేరున్నవాళ్లకు మొగ్గు ఉండదు. రెండు పేజీలే అయితే దరఖాస్తులు రాయడానికే జీతమిచ్చి మనిషిని పెట్టుకోలేని చిన్న సంస్థ కూడా ఒక ఆదివారం కూర్చుని రాసేయగలదు. ఇదే నమూనా 2012 తర్వాత మన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, దాని కిందే బయోటెక్ పరిశోధనకు తోడ్పడే బైరాక్ సంస్థ భాగస్వామ్యంతో గ్రాండ్ ఛాలెంజెస్ ఇండియాగా ఇక్కడికీ వచ్చింది.

డబ్బు విడతలుగా ఇవ్వడం మన దగ్గర బాగా పనిచేసిన సందర్భం కూడా ఉంది. 2020లో లాక్‌డౌన్ సమయంలో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ స్వదేశీ వీడియో కాన్ఫరెన్సింగ్ కోసం ఛాలెంజ్ ప్రకటించింది. మొదటి వడపోతలో నిలిచినవాళ్లకు నమూనా తయారీకి 5 లక్షలు, తర్వాతి దశలో 20 లక్షలు, గెలిచినవారికి కోటి రూపాయలు. ఆగస్టులో గెలిచింది ఢిల్లీ, బెంగళూరు దిగ్గజమేదో కాదు, కేరళలోని అలప్పుళ జిల్లాకు చెందిన టెక్‌జెన్షియా అనే చిన్న కంపెనీ. మధ్యలో ఆగిపోయిన బృందాలు కూడా పూర్తిగా చేతి డబ్బు పోగొట్టుకోలేదు. 1929 పోటీలో లేనిది సరిగ్గా ఇదే.

ఇక తీర్పు ఎవరు చెప్పాలన్నది. అమెరికాలోని మెకార్థర్ ఫౌండేషన్ 2016లో ఒకే ఒక్క ప్రతిపాదనకు 10 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటిస్తే 1,904 ప్రతిపాదనలు వచ్చాయి. గెలిచింది ఒకటి. చివరిదాకా వచ్చిన మరో మూడింటికి తలా కోటిన్నర డాలర్లు ఇచ్చారు. మిగతా 1,900 సంస్థలు పెట్టిన సమయం, రాసిన కాగితాలు ఏమైనట్టు? ఈ విమర్శ వాళ్లకూ తగిలింది. 2019లో పుట్టిన లీవర్ ఫర్ ఛేంజ్ అనే అనుబంధ సంస్థ, గెలవకపోయినా బాగున్న ప్రతిపాదనల్ని ఒకచోట ఉంచి ఇతర దాతలకు చూపించడం మొదలుపెట్టింది. 2023లో అమెరికా దాత మెకంజీ స్కాట్ తరఫున అదే సంస్థ నడిపిన పోటీలో ఇంకో అడుగు ముందుకేశారు. దరఖాస్తు చేసిన సంస్థలే తోటి సంస్థల దరఖాస్తులు చదివి మార్కులు వేశాయి. తలా పది లక్షల డాలర్ల చొప్పున 250 సంస్థలకు ఇస్తామని మొదట చెప్పారు. 6,353 దరఖాస్తులు వచ్చాయి. 2024 మార్చిలో 361 సంస్థలకు 64 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఒక పేటలో అద్దె సమస్య మీద పనిచేసే సంస్థ బాగోగులు, అలాంటి పనే ఇంకో ఊళ్లో చేసే సంస్థకు తెలిసినంతగా కన్సల్టెంట్‌కు తెలియవు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది అందుకే. అయినా దాదాపు ఆరు వేల సంస్థలు ఉత్తచేతులతో వెనక్కి వెళ్లాయన్నదీ మర్చిపోలేం.

ఇంతా చేసి, పైన చెప్పిన ఈ కాలపు పోటీలన్నిటికీ ఒక ముందస్తు షరతు ఉంది. దరఖాస్తు రాయడం రావాలి, అదీ ఎక్కువగా ఇంగ్లిష్‌లో. మన దగ్గర చింతకింది మల్లేశం కథ ఇక్కడే గుర్తుచేసుకోవాలి.

ఆలేరు మండలం శారాజీపేటలో పుట్టిన మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేశారు. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక కొసన ఉన్న మేకుకీ, ఎదురుగా అర్ధచంద్రాకారంలో బిగించిన మేకులకీ మధ్య దారాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి తొమ్మిది వేలసార్లు ఆడుతుంది. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలసార్లు. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. అమ్మ లక్ష్మి భుజం నొప్పితో ఇక ఈ పని తన వల్ల కాదని చెబితే, ఆ బాధ చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టి 1999లో పూర్తిచేశారు. ఆ ఏడేళ్లూ అప్పులు, హైదరాబాద్‌లో చిన్నాచితకా పనులు, విడిభాగాలు ఒక్కొక్కటిగా కొనుక్కోవడం. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు. ఆసు పోసే సమయం ఐదారు గంటల నుంచి గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ ఏడేళ్లలో ఏ గ్రాంట్ ప్రకటనా ఆయన దాకా రాలేదు. వచ్చినా ‘మీ సంస్థ గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టు జతచేయండి’ అన్న గడి దగ్గరే పెన్ను ఆగిపోయేది.

అలాంటివాళ్లను వెతుక్కుంటూ తామే వెళ్లాలన్న ఆలోచన అహ్మదాబాద్ ఐఐఎంలో ప్రొఫెసర్ అనిల్ గుప్తా మొదలుపెట్టిన హనీ బీ నెట్‌వర్క్‌ది. శోధయాత్రల పేరుతో ఊళ్ల వెంట నడుస్తారు, రైతుల్నీ చేతిపనివాళ్లనీ కలుస్తారు, వాళ్ల ఆవిష్కరణను వాళ్ల పేరుతోనే, వాళ్ల భాషలోనే నమోదు చేస్తారు. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఈ ఒరవడిని జాతీయ పోటీగా మార్చింది. తెలుగు ప్రాంతాల్లో ఈ పని భుజానికెత్తుకుంది బ్రిగేడియర్ పోగుల గణేశం ఆధ్వర్యంలోని పల్లె సృజన. మల్లేశం ఆవిష్కరణను బయటి ప్రపంచానికి చూపించినవారిలో వాళ్లు ముందుంటారు.

2019లో తెలంగాణ స్టేట్ ఇన్నోవేషన్ సెల్ మొదలుపెట్టిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ దీన్ని ఇంకా తేలిక చేసింది. వాట్సాప్‌లో ఆరు వాక్యాల వివరణ, రెండు నిమిషాల వీడియో, నాలుగు ఫొటోలు, పేరు, వయసు, వృత్తి, ఊరు పంపితే చాలు. ఎంపికైనవి ఆగస్టు 15న జిల్లా కేంద్రంలో ప్రదర్శిస్తారు. కలుపు తీసే పరికరం తయారుచేసిన రైతు ఇంగ్లిష్ ఫారం ముందు కూర్చుని టెన్షన్ పడక్కర్లేదు, యంత్రాన్ని నడిపి చూపిస్తే సరిపోతుంది. దరఖాస్తు ఎంత చిన్నదై, ఎంత దగ్గరకొస్తే అంత మంచిదన్న నా నమ్మకానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కాకపోతే ఇది ప్రధానంగా ప్రదర్శన వేదిక.

ప్రదర్శన తర్వాత డబ్బు కావాలంటే మళ్లీ పెద్ద దారిలోకే రావాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుచేయాలి. సీఎస్ఆర్ ఛాలెంజ్‌లు చాలావరకు ఈ సొమ్ముతోనే నడుస్తున్నాయి. అయితే 2021లో మారిన నియమాల ప్రకారం ఆ పని చేపట్టే బయటి స్వచ్ఛంద సంస్థకు ఆదాయపన్ను శాఖ దగ్గర పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ నమోదు, కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ సంస్థ సీఎస్ఆర్-1 అనే ఫారంతో కేంద్రం దగ్గర నమోదు కావడం కూడా తప్పనిసరి. మోసాలు ఆపడానికి ఇవి అవసరమే. కానీ పొందూరులో నిన్నగాక మొన్న సంఘంగా ఏర్పడిన నూలు వడికే ఆడవాళ్లకు ఈ మూడూ ఉండవు. నమోదున్న సంస్థ ఏదైనా తన పేరు మీద డబ్బు తీసుకుని వాళ్ల పనికి ఖర్చుపెట్టాలి. విదేశీ ఫౌండేషన్ల సొమ్ము విషయంలో అయితే 2020 సెప్టెంబరులో ఎఫ్‌సీఆర్ఏకు, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి వచ్చిన సవరణ ఒక సంస్థ అందుకున్న నిధుల్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్నే నిషేధించింది. పెద్ద సంస్థ ఛాలెంజ్ గెలిచి, ఆ గ్రాంట్‌ను ఊళ్లలోని చిన్న సంఘాలకు పంచే దారి దాంతో మూసుకుపోయింది.