మట్టి కూజాపై కత్తితో రాసిన కవిత

చైనా వాళ్ల సిరాలో ప్రధానంగా ఉండేది మసి, జంతువుల జిగురు. కాగితం మీద అది వందల ఏళ్లు చెక్కుచెదరదు. అదే సిరాతో పచ్చి మట్టి పాత్ర మీద రాసి బట్టీలో పెడితే మాత్రం ఒక్క అక్షరం కూడా మిగలదు. మసి అంటే కార్బనే కదా, గాలి తగిలే వేడిలో అది కాలిపోతుంది. కాబట్టి కుండ మీద రాత నిలవాలంటే రెండే దారులు. ఒకటి, కాలని ఖనిజంతో రాయడం. రెండోది, మట్టినే కోయడం.

మొదటి దారి పట్టినవాళ్లు హునాన్‌లోని చాంగ్‌షా కుమ్మరులు. 9వ శతాబ్దంలో వాళ్లు ఇనుము కలిసిన గోధుమ రంగుతో, గ్లేజు పూత కింద, కూజాల మీద కవితలు రాశారు. "నువ్వు పుట్టినప్పుడు నేను పుట్టలేదు, నేను పుట్టేసరికి నువ్వు ముసలివాడివయ్యావు" అని మొదలయ్యే కవిత మనకు దొరికింది అలాంటి ఒక కూజా మీదే. రాసిందెవరో తెలియదు. ఎంత మంచి కవిత! అయితే గ్లేజు బట్టీలో కరిగి గాజులా మారుతుంది, ఆ కరగడంలో కుంచె గీత అంచులు కొంచెం చెదురుతాయి.

పండితులకు నచ్చింది రెండో దారి. జియాంగ్సు రాష్ట్రంలోని యీషింగ్‌లో దొరికే జీషా మట్టితో చేసే టీ కూజాలకు గ్లేజు వేయరు. దాంతో కోసిన గీతను పూడ్చేది ఏదీ ఉండదు, సన్నటి అంచు కూడా అలాగే నిలుస్తుంది. పైగా ఈ కూజాను చక్రం మీద తిప్పరు. మట్టిని పలకలుగా కొట్టి, అతికించి చేస్తారు. అందుకే రాతకు పనికొచ్చే చదును ముఖాలు సులువుగా వస్తాయి.

ఇక్కడ చెన్ హోంగ్‌షౌ (1768–1822) పేరు చెప్పాలి. అందరూ పిలిచే పేరు మాన్‌షెంగ్. హాంగ్‌ఝౌ ప్రాంతం వాడు, పేరున్న ముద్రల చెక్కుడు కళాకారుడు. యీషింగ్‌కు దగ్గర్లోని లీయాంగ్‌లో అధికారిగా ఉన్నప్పుడు యాంగ్ పెంగ్‌నియన్ అనే కుమ్మరితో కలిసి పనిచేశాడు. ఆకారాలకు ఊహ మాన్‌షెంగ్‌ది, చేయి పెంగ్‌నియన్‌ది. రాతి ముద్రలు చెక్కిన మాన్‌షెంగ్ చేతికి కత్తే కుంచె. నా దృష్టిలో ఈ కూజాల గొప్పదనమంతా అక్కడే ఉంది.

పని మాత్రం చాలా సున్నితం. మట్టి మరీ తడిగా ఉంటే కత్తికి అంటుకుని గీత అంచులు లేచిపోతాయి. మరీ ఆరితే పెచ్చులూడుతుంది. గట్టి జున్నులా ఉన్న దశలోనే కోయాలి. ముందు సిరాతో రాసుకుని దాని వెంట కోసినా, ఆ సిరా బట్టీలో పోయి కోత ఒక్కటే ఉంటుంది. ఆరేటప్పుడు, 1100 డిగ్రీలు దాటిన వేడిలో కాలేటప్పుడు కూజా కుంచించుకుంటుంది. అక్షరాలూ దానితోపాటే చిన్నవవుతాయి.

మాన్‌షెంగ్ రాతలు ఆ కూజాను వదిలి మరెక్కడా అతకవు. వెదురు టోపీ ఆకారపు కూజా మీద ఇలా ఉంది: టోపీ ఎండను ఆపుతుంది, టీ దాహాన్ని తీరుస్తుంది, ఇవి రెండా ఒకటా, బుద్ధుడు చెప్పలేదు. బావి గట్టు ఆకారంలో చేసినదాని మీద నీళ్లు తోడుకోవడం గురించిన మాటలు. ఆకారం, రాత, తాగే టీ మూడూ ఒకదాన్ని ఒకటి పలకరించుకుంటాయి.

అడుగున తరచుగా మాన్‌షెంగ్ తన చదువుగదికి పెట్టుకున్న పేరుతో ముద్ర కనిపిస్తుంది. పిడి కింద, చిన్నగా, పెంగ్‌నియన్ ముద్ర. లోకం వీటిని 'మాన్‌షెంగ్ కూజాలు' అనే అంటుంది. పిడి కింద ఉన్న పేరు కూడా పక్కన చేర్చి చెప్పాలి.